రాజకీయం, పూనకం, ఇనుము: గసరాకి చూడాలా, మానేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఎవాంజెలియన్, కోడ్ గియాస్ చూశారు, రెండూ నచ్చాయి. ఇప్పుడు భారీ రోబోలు ఉండి, అవి నిజంగా సైన్యం వాడే వాహనాల్లా అనిపించే యానిమే, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్, కావాలి. రాజకీయ కుట్రలు, ఆధ్యాత్మికం కూడా ఉండాలి. ఎవరో చెబితే గసరాకి మొదలుపెట్టి మూడు ఎపిసోడ్లకే ఆపేశారు. నాట్యం ఎందుకో, ఎడారిలో యుద్ధం ఎందుకో, రెండింటికీ సంబంధం ఏంటో తెలియలేదు. కొనసాగించాలా, లేక ఇంకో రోబో సిరీస్ గండమ్‌కి వెళ్ళిపోవాలా అని అడుగుతున్నారు.

గసరాకికే తిరిగి వెళ్ళండి. మొదటి ఎపిసోడ్ నుంచి మళ్ళీ చూడండి. గండమ్ తర్వాత చూడొచ్చు. మీరు అడిగిన మూడూ ఇంత గట్టిగా ఒకచోట కలిసిన సిరీస్ నాకు ఇంకొకటి కనబడలేదు. అవి పక్కపక్కన పెట్టిన మూడు విషయాలు కావు, మూడూ ఒకే ప్రశ్న. ఒక శరీరం కదులుతోంది, దాన్ని నిజంగా ఆడిస్తున్నది ఎవరు? వేదిక మీద నర్తకుడిని, యంత్రం లోపలి పైలట్‌ని, చివరికి జపాన్ దేశాన్ని కూడా ఆ సిరీస్ ఇదే అడుగుతుంది. ఇది మనసులో పెట్టుకుని చూస్తే మొదటి ఎపిసోడ్ చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

నేను హైదరాబాద్‌లో యానిమేషన్ రంగంలో రిగ్గింగ్ చేస్తాను. అంటే కంప్యూటర్లో తయారైన బొమ్మకి ఎముకలు, కీళ్ళు, కండరాలు అమర్చి కదిలేలా చేసే పని. కొత్తగా చేరిన పిల్లలకి బరువు అంటే ఏంటో చూపించడానికి చాలా ఏళ్ళుగా గసరాకిలోని నడకలే వాడుతున్నాను. అందుకే ఈ జవాబు కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు ప్రాథమిక వివరాలు. సన్‌రైజ్ స్టూడియో తీసింది. 1998 అక్టోబరు నుంచి 1999 మార్చి వరకు టీవీ టోక్యోలో వచ్చింది, మొత్తం 25 ఎపిసోడ్లు. దర్శకుడు ర్యోసుకే తకహాషి. 1981లో మొదలైన డగ్రమ్, 1983లో వచ్చిన వోటమ్స్ అనే రోబో సిరీస్‌లు ఆయనవే. రోబోని వీరుడి ఆయుధంగా కాక, పాడైతే రోడ్డు పక్కన వదిలేసి వెళ్ళే సైనిక సరుకుగా చూపించడంలో ఆయన్ని మించినవాళ్ళు తక్కువ. ఇందులో ఆయనకి సహాయ దర్శకుడిగా పనిచేసిన గోరో తనిగుచి తర్వాత 2006లో కోడ్ గియాస్ తీశారు. కాబట్టి మీకు ఇది పూర్తిగా పరాయి ఇల్లేమీ కాదు.

ఇక మిమ్మల్ని ఆపేసిన ఆ నాట్యం సంగతి.

అది నోహ్. పద్నాలుగో శతాబ్దంలో కన్నామి, ఆయన కొడుకు జెయామి ఒక రూపానికి తెచ్చిన జపాన్ రంగస్థల కళ. గసరాకి కథానాయకుడు యూషిరో గోవా వంశం బిడ్డ. ఆ వంశం ఒకపక్క ఆయుధాలు తయారుచేసే పెద్ద వ్యాపార సామ్రాజ్యం, ఇంకోపక్క తరతరాలుగా ఒక రహస్య నృత్యాన్ని కాపాడుతూ వస్తున్న ఇల్లు. మొదటి ఎపిసోడ్‌లో యూషిరో రాతి వేదిక మీద ఆ నాట్యం చేస్తుంటే చుట్టూ పరికరాలు పెట్టి కొలుస్తుంటారు. పూజ, ప్రయోగం రెండూ ఒకటే అక్కడ. అతని మీదకి ఏదో ఒకటి దిగాలని ఇంటివాళ్ళు ఎదురుచూస్తుంటారు. మనవాళ్ళకి దీన్ని చెప్పడానికి పెద్ద కష్టం లేదు, పూనకం అంటే సరిపోతుంది. తేడా ఏంటంటే, ఇక్కడ పూనకం రావాలని కోరుకునేది భక్తులు కాదు, ఆయుధాల కంపెనీ.

నోహ్ గురించి రెండు మూడు సంగతులు తెలిస్తే సిరీస్ మొత్తం వేరుగా కనిపిస్తుంది. నోహ్ నటుడు వేదిక ఎక్కే ముందు అద్దాల గది అని పిలిచే చోట కూర్చుని, అద్దంలో తనని తాను చూసుకుంటూ ముసుగు తొడుక్కుంటాడు. ఆ ముసుగు కంటి రంధ్రాలు చాలా చిన్నవి. కాళ్ళ కింద ఏముందో కనబడదు. వేదిక మూలన ఉన్న ఒక స్తంభాన్ని చూసుకుంటూ తను ఎక్కడున్నాడో లెక్కవేసుకుంటాడు. ఆ స్తంభం లేకపోతే అంచు దాటి పడిపోయే ప్రమాదం ఉంది. పాదం పైకెత్తడు, నేల మీద జార్చుకుంటూ నడుస్తాడు. నడుము దగ్గర బరువు నిలుపుతాడు.

ఇప్పుడు యూషిరో తను నడిపే రోబోలోకి ఎక్కే దృశ్యం చూడండి. సూట్ తొడుగుతారు, తలకి పరికరం బిగిస్తారు, తలుపు మూసేస్తారు. బయటి ప్రపంచం చిన్న తెర మీద ఆకుపచ్చ గీతలుగా, అంకెలుగా మాత్రమే మిగులుతుంది. దారి చెప్పేది వెనక వాహనంలో కూర్చున్న కమాండ్ బృందం గొంతు. నటుడికి ఆ స్తంభం ఏమిటో, పైలట్‌కి ఆ గొంతు అది. నాట్యమూ యుద్ధమూ ఒకదాని తర్వాత ఒకటి ఎందుకు వస్తున్నాయని మీరు అడిగారు కదా, దర్శకుడు రెండుసార్లూ చూపిస్తున్నది ఒకే పని: ఒక మనిషి తన ముఖం మూసేసుకుని, తనది కాని ఇంకో శరీరాన్ని తొడుక్కోవడం.

ఆ నాట్యం మధ్యలో యూషిరోకి ఒక అమ్మాయి కనిపిస్తుంది. ఆ భయాన్ని మళ్ళీ పిలవొద్దని వేడుకుంటుంది. ఆమె పేరు మిహారు. అవతలి పక్షంలో, సింబల్ అనే సంస్థ చేతిలో, సరిగ్గా యూషిరో లాంటి స్థితిలోనే ఉన్న మనిషి. కలలో ప్రత్యక్షమై తన గోడు చెప్పుకునే ఆత్మలు నోహ్ నాటకాల్లో ఒక పెద్ద సంప్రదాయం. మిహారు ప్రవేశం ఆ పద్ధతిలోనే ఉంటుంది. ప్రేమకథలా మొదలవలేదని నిరాశపడకండి, వాళ్ళిద్దరి బంధం నెమ్మదిగా, చాలా తక్కువ మాటలతో పెరుగుతుంది.

వాస్తవికత గురించి. ఇది నా వృత్తికి దగ్గరి విషయం కాబట్టి కొంచెం ఆగుతాను. గండమ్ ఎత్తు 18 మీటర్లు. ఆ ఎత్తున్న యంత్రం యుద్ధభూమిలో నిలబడితే అన్ని వైపుల నుంచీ గురి పెట్టడానికి వీలుగా ఉంటుంది. వోటమ్స్‌లోని స్కోప్‌డాగ్ అనే రోబో 4 మీటర్ల లోపే. గసరాకిలోని రోబో టాక్టికల్ ఆర్మర్, అందరూ టీఏ అనేది, ఆ చిన్న తరహాకి చెందినదే. ట్యాంకు పక్కన నిలబెడితే వింతగా అనిపించదు. ట్రక్కుల్లో తరలిస్తారు. ట్యాంకులు తిరగలేని ఇరుకు వీధులు, భవనాల మధ్య దానికి పని. వైర్లు వేసి గోడలెక్కుతుంది. కీళ్ళలో మోటార్లకి బదులు కృత్రిమ కండరాలు ఉంటాయి, అందుకే దాని కదలికలో మరబొమ్మ బిగుసుతనం కాక ఒంటి బిగువు కనిపిస్తుంది.

మా పనిలో బొమ్మ బరువుగా ఉందా తేలిగ్గా ఉందా అన్నది పాదం నేలకి తగిలిన క్షణంలో తేలిపోదు. తగిలిన తర్వాత నడుము ఎంత కిందకి దిగింది, మళ్ళీ లేవడానికి ఎంతసేపు పట్టింది, పైభాగం దాన్ని ఎలా సర్దుకుంది, ఇవి చూడాలి. టీఏ ఒక అడుగు వేసి ఆగే దృశ్యాన్ని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా ఆపి చూడండి. తుపాకీ బరువుకి భుజం జారుతుంది, దాన్ని సరిచేయడానికి ఎదుటి మోకాలు వంగుతుంది. నేను జూనియర్లకి చూపించే ముక్క ఇదే. చూశాక వాళ్ళు చేసే నడకలు మారతాయి. అంతా చేత్తో గీసిన కాలం అది. అంత సహనంగా బరువుని గీయడం మామూలు విషయం కాదు.

ఇంకొకటి. యంత్రం కంటే పైలట్ శరీరానికే ఇందులో ఎక్కువ ప్రాముఖ్యం. గుండె వేగం, ఊపిరి, భయం అన్నీ తెర మీద గీతలుగా ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు. పోరాటం మధ్యలో కెమెరా ఆ గీతల మీదకి వెళ్ళినప్పుడు విసుక్కోకండి. మనిషి భయపడుతున్నాడా అన్నది కూడా పైవాళ్ళకి ఒక సమాచారం మాత్రమే. ఆడించేవాళ్ళు ఎవరన్న ప్రశ్న అక్కడ కూడా ఉంది.

ఇప్పుడు రాజకీయం. ఇక్కడే ఎక్కువమంది తప్పిపోతారు, ఎందుకంటే 1998 నాటి జపాన్ ప్రేక్షకుడికి ఎవరూ చెప్పక్కర్లేని సంగతులు మనకి తెలియవు. కథలో బెల్గిస్తాన్ అనే కల్పిత దేశం ఉంది. అక్కడికి అమెరికా నాయకత్వంలో బహుళజాతి సేన వెళ్తుంది, యుద్ధం టీవీ వార్తల్లో కనిపిస్తుంది. ఇది 1991 గల్ఫ్ యుద్ధానికి నేరుగా పట్టిన అద్దం. ఆ యుద్ధానికి జపాన్ సైన్యాన్ని పంపలేదు, దాని రాజ్యాంగంలోని తొమ్మిదో అధికరణ యుద్ధాన్ని వదులుకుంది. బదులుగా 1,300 కోట్ల డాలర్లు ఇచ్చింది. యుద్ధం అయ్యాక కువైట్ అమెరికా పత్రికల్లో వేసిన కృతజ్ఞతల ప్రకటనలో జపాన్ పేరు లేదు. ఆ అవమానం అక్కడి రాజకీయాల్లో ఏళ్ళ తరబడి మండింది. 1992లో శాంతి పరిరక్షణకి సైనికుల్ని పంపే చట్టం వచ్చింది, అదే ఏడాది కంబోడియా వెళ్ళారు. కాబట్టి జపాన్ ప్రభుత్వం టీఏ దళాన్ని ఎడారికి పంపడానికి ఒప్పుకునే సన్నివేశం మనకి మామూలుగా అనిపించినా, ఆ దేశంలో అది ఒక గీత దాటడం.

సిరీస్ మొదలవడానికి నెల ముందు, 1998 ఆగస్టు 31న, ఉత్తర కొరియా ప్రయోగించిన రాకెట్ జపాన్ మీదుగా ఎగిరింది. సిరీస్ నడుస్తున్న డిసెంబరులోనే అమెరికా, బ్రిటన్ ఇరాక్ మీద నాలుగు రోజులు బాంబులు వేశాయి. ముందు ఏడాది నవంబరులో యమాయిచి అనే పెద్ద సెక్యూరిటీల సంస్థ కూలిపోయింది. ఈ వాతావరణంలో వారం వారం ఈ కథ చూసినవాళ్ళకి అది రేపటి పేపర్ చదివినట్టు ఉండి ఉంటుంది.

రెండో సగంలో కథ టోక్యోకి వచ్చి నిషిదా అనే చూపులేని మేధావి చుట్టూ తిరుగుతుంది. దేశం కుళ్ళిపోయిందని నమ్మి, సైనిక అధికారులతో కలిసి అధికారాన్ని చేతిలోకి తీసుకోవాలని చూసే మనిషి. అతని ఆయుధం బాంబు కాదు, జపాన్ చేతిలో ఉన్న అమెరికా ఆస్తులు. వాటిని ఒక్కసారి మార్కెట్లో పడేస్తే ఏమవుతుంది? అవతల అమెరికా ఆయుధం ధాన్యం. ఎగుమతి ఆపేస్తే జపాన్ ఏం తింటుంది? కొంతమంది దీన్ని అతిశయోక్తి అంటారు. నేను ఒప్పుకోను. 1997 జూన్‌లో అప్పటి ప్రధాని ర్యుతారో హషిమోతో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో మాట్లాడుతూ అమెరికా ప్రభుత్వ అప్పు పత్రాలైన ట్రెజరీ బాండ్లు అమ్మేయాలని తమకి అనిపించిన సందర్భాలు ఉన్నాయని అన్నారు. ఆ ఒక్క మాటకి ఆ రోజు అమెరికా స్టాక్ మార్కెట్ సూచీ డౌ జోన్స్ 192 పాయింట్లు పడింది. ధాన్యం సంగతికొస్తే, 1973 వేసవిలో నిక్సన్ ప్రభుత్వం సోయాబీన్ ఎగుమతులు నిజంగానే ఆపింది. సోయాతో చేసే తోఫు, మిసో, సోయా సాస్ లేకుండా పూట గడవని జపాన్ వణికిపోయింది. 1993లో చలి వేసవి వల్ల వరి పంట పోయి థాయ్‌లాండ్ నుంచి బియ్యం తెచ్చుకోవాల్సి వచ్చింది. కేలరీల లెక్కన జపాన్ ఆహార స్వయంసమృద్ధి ఆ రోజుల్లో 40 శాతం. దుకాణాల ముందు జనం కొట్టుకునే ఎపిసోడ్లు ఆ జ్ఞాపకం నుంచి వచ్చాయి.

నా ఉద్దేశంలో ఒక రోబో సిరీస్ ఇంత ధైర్యం చేయడం అరుదు. చివరి అంకంలో మన గుండె దడ పెంచేది తుపాకీ కాల్పులు కాదు, బ్యాంకులు, ఓడలు, గోధుమల గురించి గదుల్లో కూర్చుని మాట్లాడుకునే మనుషులు.

నిషిదా విషయంలో ఒక జాగ్రత్త. అతని ఉపన్యాసాలు చాలా బాగా రాశారు, అదే ప్రమాదం. అతన్ని హీరోగా తీసుకునేవాళ్ళని నేను చర్చల్లో చూస్తూనే ఉన్నాను. అతను ఎక్కడి నుంచో ఊడిపడినవాడు కాదు. 1936 ఫిబ్రవరి 26న మంచు పడుతున్న టోక్యోలో యువ సైనికాధికారులు 1,400 మందికి పైగా సైనికులతో తిరగబడి ఆర్థిక మంత్రితో సహా పెద్ద నాయకుల్ని చంపారు. 1970 నవంబరు 25న రచయిత మిషిమా ఇచిగాయా సైనిక స్థావరంలో తిరుగుబాటుకి పిలుపునిస్తే సైనికులు ఎగతాళి చేశారు, ఆయన అక్కడే కడుపు చీల్చుకున్నారు. ఈ రెండు నీడలూ నిషిదా మీద ఉన్నాయి. పవిత్రమైన దేశం కోసం అంటూ అతను వేసే లెక్కలో ఆకలితో పోయేవాళ్ళు, వలస వచ్చినవాళ్ళు ఎక్కడున్నారో గమనించండి. యూషిరో, మిహారు పారిపోయి తలదాచుకునేది ఆ వలస జనం మధ్యే. వాళ్ళ గల్లీలని కెమెరా ఎంత దగ్గరగా చూపిస్తుందో, నిషిదా మాటల్లో వాళ్ళు అంత దూరం. సిరీస్ అతనికి గౌరవం ఇస్తుంది, కానీ అతని మాటే తన మాట అనదు. అయినా కొన్నిచోట్ల అతని వైపు మరీ మొగ్గిందని నాకు అనిపిస్తుంది, ఆ అసౌకర్యం మీకూ కలగొచ్చు.

ఇక్కడి నుంచి కొంచెం కథ బయటపడుతుంది, ఇష్టం లేకపోతే ఈ పేరా వదిలేయండి. మధ్యలో కథ హఠాత్తుగా హెయాన్ కాలానికి, అంటే వెయ్యేళ్ళ నాటి క్యోటోకి వెళ్తుంది. అక్కడ కుగాయ్ అనే కవచధారి భారీ బొమ్మలు ఉంటాయి. వాటిని ఒంట్లోకి శక్తి దిగినవాళ్ళు మాత్రమే కదపగలరు, వాళ్ళని కై అంటారు. ఈనాటి టీఏ ఆ పాత కుగాయ్‌ని అధ్యయనం చేసి తీసిన యంత్రమే. అప్పుడు రాజ్యాల కొట్లాటలో ఆ మనుషుల్ని ఎలా వాడుకున్నారో ఇప్పుడు కంపెనీలు, సైన్యాలు అలాగే వాడుకుంటున్నాయి. ఈ ఎపిసోడ్లని దారి తప్పిన కథ అని దాటేసేవాళ్ళు ఉన్నారు. దాటొద్దు, సిరీస్‌కి వెన్నెముక ఇదే.

ముగింపు గురించి నిజాయితీగా చెప్పాలి. రాజకీయ కథ అద్భుతంగా ముగుస్తుంది. ఆ తర్వాత ఆధ్యాత్మిక కథకి మిగిలిన సమయం చాలా తక్కువ. చివరి ఎపిసోడ్ తొందరగా, వివరణ మీద వివరణగా పోతుంది. నేను చూపించినవాళ్ళలో సగం మంది అక్కడ నిరాశపడ్డారు, వాళ్ళని తప్పుపట్టను. అది జవాబు చెప్పబోయింది, చెప్పకుండా ఉంటేనే బాగుండేది. అయినా 24 ఎపిసోడ్ల బలం ఒక ఎపిసోడ్ బలహీనత వల్ల పోదు.

మీరు అడిగిన గండమ్ సంగతి. 1979 నాటి మొదటి సిరీస్ 43 ఎపిసోడ్లు, అందులో శత్రుపక్షాన్ని ఏలే జాబి కుటుంబపు కుట్రలు ఉన్నాయి, న్యూటైప్ అనే మానసిక శక్తి ఉంది. చూడాల్సినదే. కానీ అందులో అతీతశక్తి భవిష్యత్తు వైపు చూస్తుంది, మనుషులు ఒకరినొకరు మాటలు లేకుండా అర్థం చేసుకునే రోజు వస్తుందనే ఆశ అది. గసరాకిలో అది గతం నుంచి వస్తుంది, వంశం నుంచి, రక్తం నుంచి, వద్దన్నా వదలదు. మీరు వర్ణించిన రుచి రెండోదే అనిపించింది. రాజకీయం మాత్రమే ఇంకా కావాలంటే మమోరు ఒషీ 1993లో తీసిన రెండో పాట్‌లేబర్ సినిమా చూడండి. అందులో పూనకాలు లేవు, కానీ టోక్యో వీధుల్లోకి ట్యాంకులు వచ్చే తీరు చూస్తే గసరాకి రెండో సగం ఇంకా బాగా అందుతుంది. ఆధ్యాత్మికం వైపు మొగ్గితే 2002 నాటి రాజెఫాన్ సిరీస్.

చూసే పద్ధతి గురించి కొన్ని మాటలు. రాత్రంతా ఒకేసారి చూసేయడానికి ఇది సరిపడదు. బెల్గిస్తాన్ భాగం ఒక విడతలో, టోక్యో, క్యోటో భాగాలు ఇంకో విడతలో, నిషిదా భాగం చివరి విడతలో చూడండి. ఎవరు ఏ సంస్థలో ఉన్నారో మొదట్లో కాగితం మీద రాసుకుంటే సుఖం: గోవా వంశం, సింబల్, ఆత్మరక్షణ దళం (జపాన్ తన సైన్యాన్ని పిలిచే పేరు), అమెరికా. గోవా అన్నదమ్ములు నలుగురూ మొదట ఒకేలా అనిపిస్తారు. పెద్దవాడు కజుకియో మీద ఒక కన్ను వేసి ఉంచండి. యూషిరో ముఖంలో భావాలు కనబడవని వదిలేయకండి, అతను ముసుగు తొడుక్కున్న మనిషిలానే గీయబడ్డాడు, తల వంచిన కోణం మారితే భావం మారుతుంది. ఇంగ్లిష్ డబ్బింగ్ ఉంది, కానీ మొదటిసారి జపనీస్ ఆడియో పెట్టుకుని సబ్‌టైటిళ్ళతోనే చూడండి. కునియాకి హైషిమా సంగీతం కోసం హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. మూడో ఎపిసోడ్ దాటాక ఎక్కడైనా చిక్కుపడితే ఇక్కడే అడగండి, ఎపిసోడ్ నంబరు రాస్తే చెప్తాను.